టూత్‌పేస్ట్‌లో వజ్రాలు

అమెరికా కస్టమ్స్ తనిఖీ. వరుసలో ఓ బ్యాంకరు. అతని సామానులో అందరి దగ్గరా ఉండేలాంటిదే ఓ టూత్‌పేస్ట్ ట్యూబు. లోపల మాత్రం వజ్రాలు! స్విట్జర్లాండ్‌లో దాచిన సొమ్ముతో ఓ ఖాతాదారు కోసం కొన్నవి అవి. ఎవరికీ అనుమానం రాలేదు.

అతని పేరు బ్రాడ్లీ బిర్కెన్‌ఫెల్డ్. అమెరికన్. 2001 నుంచి జెనీవాలో స్విస్ బ్యాంకు యూబీఎస్ ఉద్యోగి.

అమెరికన్ ఖాతాదారుల వివరాలు అమెరికా పన్నుల శాఖకు ఇస్తామని యూబీఎస్ అప్పటికే ఒప్పుకుంది. దాన్ని తప్పించుకోవడానికి పనామా, హాంకాంగ్ లాంటి చోట్ల డొల్ల కంపెనీలు పుట్టించి, వాటి పేరిట ఖాతాలు తెరిపించారు. సొమ్ము అమెరికన్‌ది, పేరు కాగితం కంపెనీది. కొత్త ఖాతాదారుల కోసం బ్యాంకర్లు పడవ పందేలకూ, మయామీ చిత్రకళా ప్రదర్శనలకూ వెళ్లేవారు. కస్టమ్స్ పత్రంలో మాత్రం 'విహారానికి వచ్చాం' అని రాసేవారు.

2005లో బిర్కెన్‌ఫెల్డ్ ఉద్యోగం మానేశాడు. 2007లో తనే అమెరికా అధికారుల తలుపు తట్టి బ్యాంకు గుట్టంతా విప్పాడు. అయితే తన పెద్ద ఖాతాదారు సంగతి దాచాడని ప్రాసిక్యూటర్లు అతనిపైనే కేసు పెట్టారు. 2008 జూన్‌లో నేరం ఒప్పుకున్నాడు.

ఇక బ్యాంకు వంతు. 2009 ఫిబ్రవరిలో యూబీఎస్ 78 కోట్ల డాలర్లు కట్టి, కొందరు ఖాతాదారుల పేర్లు అప్పగించింది. ఆగస్టులో మరో 4,450 ఖాతాల వివరాలకు ఒప్పందం కుదిరింది. తరతరాల స్విస్ బ్యాంకుల రహస్యానికి బీటలు పడ్డాయి. తర్వాతి పేరు తమదేనేమోనన్న భయంతో వేలమంది ఖాతాదారులు తామే ముందుకొచ్చి పన్ను కట్టారు.

అదే ఆగస్టులో ఫ్లోరిడా కోర్టులో బిర్కెన్‌ఫెల్డ్‌పై తీర్పు. ప్రాసిక్యూటర్లు అడిగింది 30 నెలలు. జడ్జి వేసింది 40 నెలలు. ఆ పెద్ద ఖాతాదారు, కాలిఫోర్నియా రియల్ ఎస్టేట్ కుబేరుడు ఇగోర్ ఒలెనికాఫ్, అప్పటికే 5.2 కోట్ల డాలర్లు కట్టి జైలు గడప తొక్కకుండా బయటపడ్డాడు. గుట్టు చెప్పినవాడు కటకటాల్లోకి, సొమ్ము దాచినవాడు ఇంటికి! 2012లో జైలు నుంచి వచ్చిన బిర్కెన్‌ఫెల్డ్‌కు పన్నుల శాఖే 10.4 కోట్ల డాలర్ల బహుమతి ఇచ్చింది. అతని సమాచారం విలువ ఎంతో ప్రభుత్వమే అలా ఒప్పుకుంది.

ఈ కథ మనకు దూరం కాదు. 2019 సెప్టెంబరు నుంచి స్విట్జర్లాండ్ భారతీయుల ఖాతాల వివరాలనూ మన ప్రభుత్వానికి ఏటా పంపుతోంది. జీతం చేతికి రాకముందే పన్ను కోత పడే ఉద్యోగికి దాచుకునే దారి లేదు. కోట్లున్నవాడికి ఆ దారి ఎందుకుండాలి? వచ్చిన వివరాల మీద చర్య తీసుకోవాలి. గుట్టు చెప్పడానికి ముందుకొచ్చేవారికి చట్టం అండగా నిలవాలి. అది ప్రభుత్వ బాధ్యత. అడగడం మన హక్కు.