పది దిర్హములకు ఏడు మిస్ఖాళ్ళు

దివ్య ఖుర్ఆన్‌లో దీనార్ ప్రస్తావన ఆలి ఇమ్రాన్ సూరా 75వ ఆయత్‌లో ఉంది. ఒక్క దీనారు అప్పగించినా, నెత్తిన నిలబడి అడిగితే తప్ప తిరిగి ఇవ్వనివారి గురించిన సందర్భమది. యూసుఫ్ సూరా 20వ ఆయత్‌లో హజ్రత్ యూసుఫ్ (అలై)ను కొద్దిపాటి దిర్హములకు అమ్మివేసిన వృత్తాంతం వస్తుంది. ఈ రెండు పేర్లూ అరబీలో పుట్టినవి కావు. దీనార్‌కు మూలం రోమన్ల 'దెనారియుస్', దిర్హమ్‌కు మూలం గ్రీకుల 'ద్రఖ్మే'. మొదటి మాట సంస్కృతంలోకీ ఎన్నడో వచ్చి చేరింది. శ్రీనాథుని నాటికి తెలుగు కవులకు దీనార టంకాలు పరిచితమే.

పేర్లే కాదు, నాణేలూ పరాయివే. మక్కాకు సొంత టంకశాల లేదు. వర్తకుల ద్వారా బైజాంతియా బంగారు నాణేలు, ఇరాన్ వెండి నాణేలు అరేబియాకు చేరేవి. అరిగినవీ, అంచులు గీరినవీ వాటిలో ఎన్నో ఉండేవి కనుక ఖురైష్ వర్తకులు వాటిని తూచి తీసుకునేవారు. బంగారానికి తూకపు రాయి మిస్ఖాల్. దైవప్రవక్త (సఅసం) ఆ తూకాలనే కొనసాగనిచ్చారు. 20 దీనారుల బంగారం, 200 దిర్హముల వెండి అన్న జకాత్ నిసాబ్ వాటిపైనే నిలిచింది.

ఇరాన్ సామ్రాజ్యం కూలిన తరువాత కూడా నాణేలు వెంటనే మారలేదు. వెండి నాణెంపై ఖుస్రో కిరీటం, వెనుకవైపు అగ్నివేదిక, దానికి ఇరువైపులా కావలివారు యథాతథంగా ఉండిపోయారు. అంచున మాత్రం 'బిస్మిల్లాహ్' వంటి అరబీ మాటలు చేరాయి. షామ్‌లో కొన్ని నాణేలపై శిలువ అడ్డుకొయ్యను తొలగించి, మెట్లపై ఒంటి స్తంభం మిగిల్చారు. అగ్నివేదిక గల నాణెంతో ముస్లింలు దాదాపు అర్ధ శతాబ్దం లావాదేవీలు జరిపారంటే ఈనాడు వింతగా తోచవచ్చు. కాని సంతలో జనం నమ్మేది చేతికి అలవాటైన నాణేన్ని. ఆ నమ్మకాన్ని తొందరపడి చెదరగొట్టకపోవడం పాలకుల వివేకమే.

ఆ పని చేసినవాడు ఉమయ్యా ఖలీఫా అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ (685–705). దానికి కారణంగా 9వ శతాబ్దపు చరిత్రకారుడు బలాజురీ ఒక ఉదంతం చెబుతాడు. ఈజిప్టు నుంచి బైజాంతియాకు పాపిరస్ చుట్టలు, అక్కడి నుంచి ఇటు బంగారు దీనారులు వచ్చేవి. ఆ చుట్టల శిరోభాగాన ఖలీఫా తౌహీద్ వాక్యం రాయించాడు. ఇది మానకపోతే మీ ప్రవక్తను నొప్పించే మాటలు దీనారులపై వేయిస్తామని చక్రవర్తి బెదిరించాడు. అప్పుడు ఖాలిద్ బిన్ యజీద్, వారి దీనారులను నిషేధించి మనవే ముద్రించండని సలహా ఇచ్చాడట. ఉదంతం ఎంతవరకు నిజమైనా, నాణేల సాక్ష్యం దానికి దూరంగా లేదు. చక్రవర్తి రెండవ జస్టీనియన్ తన మొదటి పాలనాకాలంలో (685–695) బంగారు నాణెంపై ఈసా (అలై) బొమ్మ వేయించాడు. ఇటు ఖలీఫా కూడా హిజ్రీ 74 నుంచి 77 వరకు ఖడ్గం ధరించి నిలబడిన తన బొమ్మతో దీనారులు వేయించాడు. బొమ్మకు బొమ్మ అన్నమాట. హిజ్రీ 77 (క్రీ.శ. 696–97)లో ఆ పోటీయే విడిచిపెట్టి, కేవలం అక్షరాలతో దీనారు వెలువడింది. ఒకవైపు తౌహీద్ కలిమా, మరోవైపు ఇఖ్లాస్ సూరా మాటలు, అంచున ముద్రించిన సంవత్సరం. ఖలీఫా పేరు ఎక్కడా లేదు!

హిజ్రీ 79 నాటికి దిర్హములు కూడా ఈ తీరుకు వచ్చాయి. ఇరాఖ్‌లో ఈ పని నడిపినవాడు హజ్జాజ్ బిన్ యూసుఫ్. ఖుర్ఆన్ వాక్యం ఉన్న నాణెం అశుచిగా ఉన్నవారి చేతుల్లోకీ పోతుందని కొందరు ధర్మవేత్తలు అభ్యంతరం చెప్పారు. హజ్జాజ్ దిర్హములకు 'మక్రూహా' అన్న పేరే వచ్చింది. అయినా అవే చెల్లాయి.

అక్షరాలను అందరూ చూస్తారు. అసలు దిద్దుబాటు తూకంలో జరిగింది. అంతకుముందు దిర్హములు మూడు రకాలుండేవని బలాజురీ, మావర్దీ రాశారు. ఒక రకంలో పది దిర్హములు 10 మిస్ఖాళ్ళు తూగేవి, రెండవదానిలో 6, మూడవదానిలో 5. జకాత్ వసూలు చేసేవాడు బరువైన దిర్హములతో లెక్కిస్తే పేదలకు నష్టం, తేలికవాటితో లెక్కిస్తే ఇచ్చేవానికి నష్టం. మూడింటినీ కూడితే 21, అందులో మూడవ వంతు 7. కనుక పది దిర్హములు ఏడు మిస్ఖాళ్ళు తూగాలని స్థిరపడింది. ఈ నిర్ణయం హజ్రత్ ఉమర్ (రజి)దని కొందరు, అబ్దుల్ మలిక్‌దని కొందరు అంటారు. నాణేలలో అది స్పష్టంగా కనబడేది మాత్రం అబ్దుల్ మలిక్ కాలం నుంచే. దీనారు 4.25 గ్రాములు, దిర్హము 2.97 గ్రాములు. నాణెం సరిచూడడానికి ఈజిప్టులో గాజు తూకపు బిళ్ళలు పోసేవారు. గాజుకు తుప్పు పట్టదు, అంచు గీరితే వెంటనే బయటపడుతుంది.

ఈ నాణేల మాటకు ఎంత దూరం విలువ ఉండేదో చెప్పడానికి ఒక నాణెం చాలు. ఇంగ్లండులో మెర్సియా రాజు ఆఫా (757–796) హిజ్రీ 157 నాటి దీనారును చూసి బంగారు నాణెం ఒకటి వేయించాడు. చెక్కినవానికి అరబీ రాదు. 'ముహమ్మద్ రసూలుల్లాహ్' అన్న మాటల నడుమ రాజు పేరు తలకిందులుగా పడింది. అది నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మ్యూజియంలలోని ఆ పాత దీనారులు జకాత్ లెక్కలోకీ వచ్చాయి. యూసుఫ్ అల్ ఖర్జావీ తన 'ఫిఖ్‌హుజ్జకాత్'లో దీనారు తూకాన్ని 4.25 గ్రాములుగా స్వీకరించారు. దాని ప్రకారం బంగారం నిసాబ్ 85 గ్రాములు, వెండిది 595 గ్రాములు. భారత ఉపఖండపు ఉలమా తులాలలో చెప్పే లెక్క వేరు: బంగారం ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు, వెండి యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. తేడా చిన్నదే. కాని 86 గ్రాముల బంగారం తప్ప మరేమీ లేని ఇల్లాలు మొదటి లెక్కన జకాత్ చెల్లించవలసిన మనిషి, రెండవ లెక్కన కాదు.