తెరపై వంశవృక్షము

కంప్యూటరులో ఒక ఉత్తరము వ్రాసికొనుచున్నవారు దానిని భద్రపరచదలచి మెనూను నొక్కినంతనే ఎదుట ఒక చిన్న డైలాగ్ బాక్స్ ప్రత్యక్షమగుటయు, ఫైలునకు పేరు పెట్టి బటన్ నొక్కగనే అది అంతర్ధానము చెందుటయు, తమ ఉత్తరము మరల యథాస్థానమున నిలిచియుండుటయు నిత్యము చూచుచునే యుందురు గాని, ఆ బాక్స్ ఏ విండోకు చెందినది, అందలి బటన్ ఎవరికి జవాబుదారి, ఉత్తరమున్న విండోను మూసివేసినచో వీని గతి యేమి యను ప్రశ్నలకు స్థిరమైన సమాధానములు ఏర్పడుటకు రెండు దశాబ్దములకు పైబడిన కృషి అవసరమైనదని సామాన్యముగా ఎరుగరు. ఒక విండో మరొక విండో లోపల నుండుట వేరు. ఒక విండో మరొకదానిని ఆశ్రయించి జీవించుట వేరు. మొదటిది స్థానమునకు సంబంధించినది, రెండవది ఆయుర్దాయమునకు సంబంధించినది. పెక్కుచోట్ల ఒకే త్రాటికి కట్టబడిన ఈ రెంటిని ఎంతో ప్రయాసతో విడదీసికొనుటయే పేరెంట్ విండో, చైల్డ్ విండోల చరిత్రలోని సారాంశమని నేను తలంచుచున్నాను.

నేడు మనమెరిగిన విండోకు పుట్టినిల్లు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో 1970లో స్థాపితమైన జిరాక్స్ పార్క్ పరిశోధనాలయము. అచ్చట 1973లో రూపొందిన ఆల్టో యంత్రముపై ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ ప్రభృతులు నిర్మించిన స్మాల్‌టాక్ వ్యవస్థలో, చిన్న తెరపై ఎక్కువ సమాచారము నిముడ్చుటకై, ఒకదానినొకటి కప్పుకొను విండోలు వాడుకలోనికి వచ్చెను. నార్వే దేశీయుడైన ట్రిగ్వే రీన్‌స్కౌగ్ 1978–79 ప్రాంతమున అచ్చట అతిథిగా నుండి మోడల్–వ్యూ–కంట్రోలర్ విధానమును ప్రతిపాదించెను. తరువాతి స్మాల్‌టాక్-80లో ప్రతి వ్యూయు, అనగా తెరపై కనబడు ప్రతి భాగమును, తనలో మరికొన్ని చిన్న వ్యూలను ధరింపగలిగెను. పైదానికి తన లోపలివి ఏవియో తెలియును, లోపలిదానికి తన పైది ఏదియో తెలియును. పేరెంట్–చైల్డ్ సంబంధమునకు ఇది స్పష్టమైన తొలి రూపములలో నొకటి.

ఈ భావనను అత్యంత నిష్ఠతో ఆచరణలో పెట్టినది ఎం.ఐ.టి.లో 1984లో రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్‌ల చేతులమీదుగా ప్రాణము పోసికొన్న ఎక్స్ విండో సిస్టమ్. 1987లో వెలువడిన దాని పదునొకండవ రూపము, అనగా ఎక్స్11, నేటికిని జీవించియున్నది. అందు తెర యంతయు రూట్ విండో. తక్కిన ప్రతి విండోయు ఏదో యొక పేరెంటునకు చైల్డుగానే జన్మింపవలెను. చైల్డ్ విండోలో పేరెంట్ హద్దులను దాటిన భాగము తెరపై కనబడదు. దానిపై జరిగిన మౌస్ నొక్కును అది స్వీకరింపనిచో, ఆ సమాచారము పేరెంటునకును, అదియు వలదనిన ఆ పై పేరెంటునకును ఎగబ్రాకుచు పోవును. పేరెంటును నశింపజేసిన, సంతానమంతయు ముందుగా నశించి తరువాత అది నశించును.

నిష్ఠ ఎంతటిదైనను ఒకచోట దానికి పరీక్ష ఎదురైనది. ఎక్స్ రూపకర్తలు విండోల అలంకరణమును, అనగా పై పట్టీ, అంచులు, మూయు బటన్ మొదలగువానిని, విండో మేనేజర్ అను వేరొక ప్రోగ్రామునకు వదలిపెట్టిరి. ఆ మేనేజర్ తాను ఒక చట్రమును సృష్టించి, అంతవరకు రూట్ విండోకు సంతానమైయున్న అప్లికేషన్ విండోను అందులోనికి దత్తత తెచ్చుకొనును. మరి ఆ మేనేజర్ అకస్మాత్తుగా ఆగిపోయినచో? దాని చట్రములు నశించును. నియమము ప్రకారము వానితోపాటు, ఏ పాపమెరుగని అప్లికేషన్ విండోలును నశింపవలెను. ఈ యాపదను ముందే ఊహించి వారు 'సేవ్-సెట్' అను జాబితాను ఏర్పరచిరి. అందు నమోదైన విండోలు, మేనేజర్ మరణించిన క్షణముననే, రూట్ విండో కడకు తిరిగి చేర్పబడి సురక్షితముగా నిలుచును. పరాయి ప్రోగ్రాము ప్రాణములను గూర్చి ఇంత శ్రద్ధ వహించిన రూపకల్పనను చూచినపుడెల్ల నాకు గౌరవభావము కలుగుచుండును. ఇక డైలాగ్ బాక్సుల విషయమున, అవి సైతము రూట్ విండో సంతానమే యగునుగాని, తాము ఏ విండో కొరకు వెలసినవో తెలుపు ఒక గుర్తును మాత్రము ధరించును. స్థానము, ఆశ్రయము ఇచ్చట వేర్వేరుగా నిలిచినవి.

మైక్రోసాఫ్ట్ మార్గము వేరు. 1985 నవంబరు 20న విడుదలయైన విండోస్ 1.0లో అప్లికేషన్ విండోలు ప్రక్కప్రక్కనే అమరియుండెనే గాని ఒకదానిపై నొకటి వ్రాలుటకు వీలులేకుండెను. ఆ స్వేచ్ఛ 1987 చివర వెలువడిన రెండవ విండోస్‌తో లభించెను. విండోను సృష్టించు ఆజ్ఞలో పేరెంటును తెలుపుటకై వారు ఒకే స్థానమును కేటాయించిరి. పుట్టబోవు విండోకు చైల్డ్ లక్షణమున్నచో ఆ స్థానమున వ్రాసినది పేరెంట్ అగును. లేనిచో అదే స్థానము ఓనర్‌ను, అనగా యజమాని విండోను, సూచించును. చైల్డ్ విండో పేరెంట్ లోపలనే బంధింపబడి, దాని లోపలి ఎడమ పైమూల నుండియే కొలతలు తీసికొనును. ఓనర్ గల విండో తెరపై ఎచ్చటికైనను పోవచ్చును గాని, ఎల్లప్పుడు ఓనర్‌కు పైననే యుండును. ఓనర్‌ను కుదించిన మరుగుపడును, ఓనర్ నశించిన తానును నశించును. ఇంత భిన్నములైన రెండు బంధములకు ఒకే ద్వారము పెట్టుటయే గాక, పేరెంట్ ఎవరని ప్రశ్నించు గెట్‌పేరెంట్ అను ఆజ్ఞ సైతము కొన్నిచోట్ల పేరెంటును, కొన్నిచోట్ల ఓనర్‌ను సమాధానముగా నిచ్చుచుండెను. చార్లెస్ పెట్జోల్డ్ 1988లో ప్రకటించిన 'ప్రోగ్రామింగ్ విండోస్' గ్రంథముతో పాఠములు నేర్చిన తరమునకు ఈ చిక్కు సుపరిచితము.

ఆ చిక్కునకు తోడు మరణక్రమమును తెలిసికొనవలసియుండెను. విండో నశించునపుడు మొదటి వార్త పేరెంటునకు చేరి తరువాత చైల్డ్ విండోలకు చేరును. తుది వార్త మాత్రము చైల్డ్ విండోలకు ముందు, పేరెంటునకు వెనుక చేరును. కావున మొదటి వార్త అందునప్పటికి చైల్డ్ విండోలింకను బ్రతికియుండును. వానినుండి తీసికొనవలసినదేమైన నున్న అప్పుడే తీసికొనవలెను. మోడల్ (modal) అను రకపు డైలాగ్ బాక్స్ తెరచియున్నంతసేపు దాని ఓనర్ నిశ్చేష్టమైయుండును. ముగింపులో ఓనర్‌కు ముందు చైతన్యము కలిగించి తరువాత డైలాగ్ బాక్సును నశింపజేయవలెను. ఈ క్రమము తారుమారైనచో, నిశ్చేష్టమైయున్న ఓనర్‌కు తెరపై ముందుండు అధికారము నీయజాలక ఆపరేటింగ్ సిస్టమ్ ఆ యధికారమును ఏ యితర అప్లికేషన్‌కో అప్పగించును; చూచువారికి తమ విండో అకారణముగా వెనుకకు పోయినట్లు తోచును. పని చేయునపుడు ఇట్టి చేష్ట కనబడిన ప్రోగ్రాములు అనేకము కలవు. కారణము తరచుగా ఈ ఒక్క తారుమారే.

ఒకే పెద్ద విండోలో పెక్కు డాక్యుమెంట్ విండోలను చైల్డులుగా నుంచు ఎండీఐ పద్ధతికి 1990లో వెలువడిన విండోస్ 3.0 నాటికి గొప్ప ప్రాచుర్యము లభించెను. తరువాతి దశకమున హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ సంస్థలలో విజువల్ బేసిక్ నేర్చిన మన యువకులు, యువతులు ఎందరో ఎండీఐ ఫారమును తమ చేతులతో నిర్మించినవారే. అయితే చైల్డ్ విండో పేరెంట్ గడప దాటజాలదు. ఒకే కంప్యూటరునకు రెండు మానిటర్లు అమర్చుకొను కాలము వచ్చినపుడు ఆ నిర్బంధమే దోషమైనది. వర్డ్ 2000లోను, చాల ఆలస్యముగా ఎక్సెల్ 2013లోను, ప్రతి డాక్యుమెంటునకు స్వతంత్ర విండో ఏర్పడెను.

స్థానమును, ఆశ్రయమును ప్రోగ్రామర్ కన్నులయెదుట విడదీసి చూపిన కీర్తి, నా దృష్టిలో, ఆండర్స్ హేల్స్‌బర్గ్ ప్రధాన శిల్పిగా బోర్లాండ్ సంస్థ 1995 ఫిబ్రవరిలో వెలువరించిన డెల్ఫీ అను ప్రోగ్రాము నిర్మాణ సాధనమునకు చెందును. ఫారము మీద ఒక ప్యానెల్, ప్యానెల్ మీద ఒక బటన్ ఉంచినచో, ఆ బటన్‌కు పేరెంట్ ప్యానెల్, ఓనర్ ఫారము. ప్యానెల్ జరిగిన బటన్ జరుగును. ఫారము మెమరీనుండి తొలగినపుడు బటన్ తొలగును. అదే సంవత్సరము నార్వే నుండి వెలువడిన క్యూట్ (Qt) అను అట్టి సాధనములో పేరెంట్ ఒక్కటే రెండు బాధ్యతలను వహించును. కాని డైలాగ్ బాక్సులకు మాత్రము పేరెంట్ హద్దులలో ఉండవలసిన నిర్బంధము లేదు.

విండోస్‌లో పేరెంటునకును ఓనర్‌కును కలిపి కేటాయించిన ఆ ఒక్క స్థానము మాత్రము, పాత ప్రోగ్రాములు చెడిపోరాదను కారణమున, నేటికిని అట్లే ఉన్నది. కావున ఈ విద్యను బోధించు అధ్యాపకులకు నా మనవి యొక్కటే: విద్యార్థిచేత తొలి విండోను సృష్టింపజేయునపుడే, ఇది ఎచ్చట నుండవలెను, ఎవరితో ముగియవలెను అను రెండు ప్రశ్నలను వేర్వేరుగా అడిగింపుడు.