పాత ముక్కలతో కొత్త రివాల్వర్

అమెరికాలో గన్ షోకి వెళ్తే, కొత్త తుపాకులు పేర్చిన బల్లలు దాటాక ఏదో ఒక మూల అట్టపెట్టెలు కనిపిస్తాయి. వాటి నిండా పాత రివాల్వర్ల స్ప్రింగులు, మరలు, ట్రిగ్గర్లు, పిడి చెక్కలు. సరదాకి పాత రివాల్వర్లు బాగుచేసుకునేవాళ్లు వాటిని గంటలకొద్దీ వెతుక్కుంటారు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకులకు అక్కడి ఫెడరల్ చట్టంలో పురావస్తువులుగా మినహాయింపు ఉంది. లైసెన్సు లేనిదే తుపాకీ ముట్టుకోలేని మన దేశంలో పెరిగినవారికి ఇదంతా వింతగానే ఉంటుంది. అయితే పాత ముక్కలతో రివాల్వర్ కూర్చుకోవడం ఈనాటి అలవాటు కాదు. దీనికి దారి చూపింది యుద్ధమూ, పేటెంటూ.

అంతర్యుద్ధ కాలంలో దక్షిణాదికి ఉక్కు కరువొచ్చింది. జార్జియాలో పత్తి జిన్నులు తయారుచేసే శామ్యూల్ గ్రిస్వోల్డ్ ఫ్యాక్టరీ 1862లో కోల్ట్ కంపెనీ నమూనా రివాల్వర్లకు మళ్లింది. ఫ్రేములు ఇత్తడితో పోశారు; అందులో కరిగించిన చర్చి గంటల లోహమూ ఉందని చెబుతారు. సిలిండర్లకు మెలితిప్పిన ఇనుము వాడారు. పనివాళ్లలో ఎక్కువమంది నల్లజాతి బానిసలు. తమను బానిసలుగానే ఉంచాలని పోరాడే సైన్యానికి తామే ఆయుధాలు చేయాల్సి రావడం కన్నా క్రూరత్వం ఏముంటుంది? 3,500కు పైగా రివాల్వర్లు తయారయ్యాక, 1864 నవంబరులో ఉత్తరాది జనరల్ షెర్మన్ సేనలు ఆ ఫ్యాక్టరీని తగలబెట్టాయి.

ఉత్తరాదిలో ఉక్కుకు లోటు లేదు. అక్కడ అడ్డుపడింది పేటెంటు.

సిలిండరుకు ఈ చివరి నుంచి ఆ చివరికి రంధ్రం ఉంటేనే వెనక నుంచి తూటా పెట్టగలం. ఆ పద్ధతికి 1855లో రోలిన్ వైట్ పేటెంటు తీసుకున్నాడు. ఒక్కో రివాల్వర్‌కు 25 సెంట్లు ఇస్తామని స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఆ హక్కు సంపాదించింది. దాంతో కోల్ట్ రివాల్వర్లున్న సైనికులు యుద్ధమంతా ఒక్కో గదిలో మందు పోసి, గుండు కూరి, వెనక క్యాపు తొడిగి కాల్చాల్సి వచ్చింది. 1869లో పేటెంటు గడువు తీరింది. వైట్‌కు మేలు చేసే బిల్లును మరుసటి ఏడాది అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశాడు.

అప్పటికి కోల్ట్ దగ్గర పాత నమూనాల భాగాలు బోలెడు మిగిలి ఉన్నాయి. 1871లో ఆ కంపెనీకే చెందిన చార్లెస్ రిచర్డ్స్ వాటికి దారి చూపాడు. సిలిండరు వెనక భాగం కోసేసి, ఆ చోట ఉక్కు పళ్లెం బిగించారు. కుడి పక్క తూటా పెట్టడానికి చిన్న తలుపు. గుండు కూరే లీవరు పోయి, కాల్చిన తూటా గొట్టాన్ని బయటికి నెట్టే కడ్డీ వచ్చింది. సిలిండరు చుట్టూ చెక్కిన 1843 నాటి టెక్సస్ నౌకాయుద్ధ దృశ్యం మాత్రం చెక్కుచెదరలేదు.

1873లో వచ్చిన కోల్ట్ ప్రసిద్ధ రివాల్వర్ సింగిల్ యాక్షన్ ఆర్మీ కూడా పిడి ఆకారాన్ని ఆ కంపెనీ పాత 1851 నేవీ మోడల్ నుంచే తీసుకుంది. 1890లలో ప్రభుత్వం అశ్వికదళానికిచ్చిన ఆ రివాల్వర్లను విప్పించి, 7.5 అంగుళాల గొట్టాలను 5.5 అంగుళాలకు కోయించి, మళ్లీ బిగించింది. ఏ ముక్క ఏ తుపాకీదో చూడకుండా కలిపేయడంతో చాలావాటిలో సీరియల్ నంబర్లు కలవవు. మామూలుగా నంబరు తేడా వస్తే ధర పడగొట్టే సేకర్తలు ఆర్టిలరీ మోడల్ అని పిలిచే వీటి దగ్గర మాత్రం ఆ తేడాను సహజంగానే తీసుకుంటారు.