8,118 రూపాయలు, ఒక నల్ల కోటు

మన గోదావరిఖని, రామగుండం వైపు ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా పెద్దోళ్ల నోట ఒక ముచ్చట తప్పకుండా వస్తది. భూమి పోయింది, పైసలు ఎప్పుడొస్తయి? సింగరేణి ఓపెన్‌కాస్ట్‌కో, ఎన్టీపీసీకో భూమి పోతుంది. ఇచ్చిన రేటు తక్కువని రైతు కోర్టుకు పోతాడు. ఏళ్లు గడిచాక పెరిగిన పరిహారం కోర్టులో జమ అవుతుంది. దాన్ని తీసుకోవాలంటే చెక్ పిటిషన్ వెయ్యాలి. వేసేది లాయర్.

ఆ చివరి మెట్టు దగ్గర ఏం జరగొచ్చో చెప్పే సుప్రీంకోర్టు కేసు ఒకటుంది. మన దగ్గరిది కాదు, ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖేరీది. కానీ అందులో ఉన్న బైజు అనే ముసలాయన జాగాలో మన తాతను పెట్టి చూడండి.

బైజు పేదోడు, చదువు రాదు. ఆయన భూసేకరణ కేసులో ప్రభుత్వం 8,118 రూపాయలు కోర్టులో జమ చేసింది. ఆయన లాయర్ హరీశ్ చంద్ర తివారీ 1987లో ఆ డబ్బు డ్రా చేశాడు. క్లయింట్‌కు మాత్రం ఇవ్వలేదు.

క్లయింట్ లేకుండా ఎట్లా డ్రా చేస్తారని మీకు డౌట్ రావచ్చు. మామూలుగా లాయర్‌ను పెట్టుకునేటప్పుడు వకాల్తా మీద సంతకమో, వేలిముద్రో పెడతాం కదా. చాలా వకాల్తా ఫారాల్లో, క్లయింట్ తరఫున డబ్బు తీసుకునే అధికారం కూడా అచ్చువేసి ఉంటుంది. మనం యాప్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా 'అగ్రీ' నొక్కినట్టే.

సంగతి తెలిశాక బైజు 1988లో బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశాడు. లాయర్ ఏమన్నాడంటే, నా ఫీజు, ఖర్చులు పట్టుకొని మిగతాది ఇచ్చేశానన్నాడు. అంతటితో ఆగినా ఒక లెక్క. రాజీ అయిపోయిందని బైజు పేరు మీదే ఒక అఫిడవిట్ దాఖలైంది. బైజు అది నాది కాదన్నాడు. విచారణలో అది దొంగ అఫిడవిట్ అని తేలింది. నా దృష్టిలో 8,118 రూపాయల కంటే పెద్ద నేరం ఇదే. డబ్బు తీసుకున్నాక, ఆ ముసలాయన మాటను కూడా తీసేసుకోవాలని చూశారు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా క్రమశిక్షణ కమిటీ వేసిన శిక్ష: మూడేళ్లు ప్రాక్టీస్ చెయ్యొద్దు. ఊరుకుంటే మూడేళ్ల తర్వాత మళ్లీ కోటు వేసుకునేవాడు. ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు అప్పీల్ వేసిండు. కోర్టు ఫైలు చూసి, శిక్ష ఎందుకు పెంచకూడదో చెప్పమని ఎదురు నోటీసు ఇచ్చింది! 1961 అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 38 కింద ఆ అధికారం ఉంది, కాకపోతే లాయర్ వాదన వినకుండా పెంచకూడదు. 2002 జనవరిలో జస్టిస్ కె.టి. థామస్, జస్టిస్ ఎస్.ఎన్. ఫుకన్ తీర్పు చెప్పారు. లాయర్ పేరు రోల్ నుంచే తీసెయ్యండి అన్నారు.

క్లయింట్ డబ్బు మింగడం లాయర్ చేసే తప్పుల్లో అతి పెద్ద వాటిలో ఒకటి అని కోర్టు అన్నది. కొన్నాళ్లు దగ్గర పెట్టుకొని తిరిగిచ్చినవాణ్ణి, పూర్తిగా మింగినవాణ్ణి ఒకే తక్కెడలో తూచలేమని కూడా చెప్పింది.

అయితే జైలు? అది వేరే దారి. సెక్షన్ 35 కింద బార్ కౌన్సిల్ చెయ్యగలిగేవి మందలింపు, సస్పెన్షన్, పేరు తొలగింపు, అంతే. నమ్మకద్రోహం నేరానికి పోలీసు కేసు విడిగా పెట్టాలి. పాత ఐపీసీ 409లో ఏజెంటు, అటార్నీ అనే మాటలు ఉన్నాయి, శిక్ష యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. అమెరికాలో టామ్ గిరార్డీ అనే పెద్ద లాయర్‌కు, క్లయింట్ల సెటిల్‌మెంట్ డబ్బు కాజేసినందుకు, 2025లో ఏడేళ్లకు పైగా జైలు వేశారు. అప్పటికి ఆయన వయసు 86.

మన దగ్గర ఇట్లాంటిది జరిగితే ఫిర్యాదు వెళ్లాల్సింది హైదరాబాద్‌లోని తెలంగాణ బార్ కౌన్సిల్‌కు. క్లయింట్ డబ్బు చేతికి రాగానే ఆ విషయం క్లయింట్‌కు చెప్పాలని, లెక్క రాసి పెట్టాలని బార్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది. ఆ లెక్క అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. బైజు 1988లో అడిగిండు, తుది తీర్పు 2002లో వచ్చింది.