మస్తు అంటే ఎన్ని?

నాచారంలో ముప్ఫై, నలభై ఏళ్లుగా ఉంటున్నవాళ్లను చెరువు గురించి అడిగి చూడండి. "అప్పట్ల పిట్టలు మస్తుగ వచ్చేటియి" అంటారు. మరి ఇప్పుడు? "ఇప్పుడేడున్నయి!" ఈ రెండు మాటల మధ్య ఒక చరిత్ర జరిగిపోయింది. ఏ ఏడు తగ్గాయి? ఏ పిట్ట ముందు రావడం మానేసింది? అది వానల్లేని ఏడా, కొత్త కాలనీ లేచిన ఏడా? ఆ చరిత్రకు తేదీల్లేవు. పక్షుల్ని లెక్కపెట్టే పని ఎక్కడ మొదలైందో, మన దాకా ఎలా వచ్చిందో చూస్తే, ఆ తేదీలు లేకపోవడం వల్ల ఏం పోగొట్టుకున్నామో కొంత అర్థమవుతుంది.

హైదరాబాద్ పక్షుల మీద పద్ధతిగా జరిగిన పని అంటే ముందు చెప్పుకోవాల్సింది సాలిం అలీ సర్వే. నిజాం ప్రభుత్వం అండతో 1931-32లో ఆయన సంస్థానం అంతా తిరిగాడు. హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో కలిపి ఆ ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో 1933-34లో ఐదు భాగాలుగా వచ్చాయి. అప్పట్లో పక్షుల సర్వే అంటే తుపాకీతో చేసే పని. పిట్టను కొట్టడం, చర్మం ఒలిచి దూది కూరడం, ఊరూ తేదీ రాసిన చీటీ కాలికి కట్టడం. ఆ సర్వే అడిగిన ప్రశ్న "ఇక్కడ ఏమేం ఉన్నాయి?" అని. ఈరోజుకీ మన పునాది అదే. కానీ జాతుల జాబితాలో పది పిట్టలున్నా ఒక వరసే, పదివేలున్నా ఒక వరసే.

"ఎన్ని?" అనే ప్రశ్న వేరే దారిన వచ్చింది. అమెరికాలో క్రిస్మస్‌కి జట్లుగా వేటకెళ్లి, ఎవరు ఎక్కువ కొడితే వాళ్లు గెలిచినట్టు అనే ఆట ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ ఆ ఆటను తిరగేశాడు: కొట్టొద్దు, లెక్కపెడదాం. ఆ ఏడు 27 మంది 25 చోట్ల లెక్కపెట్టారు. ఏటా నడుస్తూ ఆ లెక్క వందేళ్లు దాటేసింది. మరుసటి ఏడాదే, 1901లో, బాల్టిక్ సముద్రానికీ కురోనియన్ లగూన్‌కీ మధ్య సన్నటి ఇసుక పట్టీ మీద, రోసిటెన్ అనే ఊళ్లో యోహానెస్ టీనెమన్ పక్షి పరిశీలన కేంద్రం పెట్టాడు. ఇంకో అరవై ఏళ్లకు, 1960లో, కెనడాలో ఈరీ సరస్సు ఒడ్డున లాంగ్ పాయింట్ కేంద్రం వచ్చింది. ఇలాంటి చోట్ల పని చూడ్డానికి చాలా బోరింగ్. అదే చోటు, అదే పద్ధతి, వలస కాలమంతా రోజూ. కానీ మార్పు కనిపించాలంటే చూసే పద్ధతి మారకుండా ఉండాలి కదా.

రోసిటెన్ కథలో ఇంకో సంగతి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ కేంద్రం మూతపడింది. ఊరు జర్మనీ నుంచి సోవియట్ యూనియన్ చేతికెళ్లి, పేరు కూడా రిబాచీగా మారింది. 1956లో సోవియట్ శాస్త్రవేత్తలు అక్కడే మళ్లీ కేంద్రం తెరిచారు. పక్షుల దారి మాత్రం అదే.

మన దగ్గర చెరువుల మీద ఏటేటా జరిగే లెక్క అంటే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్. భారత ఉపఖండంలో 1987లో మొదలైంది, ఏటా జనవరిలో జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, లాంటి సంఘాల సభ్యులు సెలవు రోజు పొద్దున్నే బైనాక్యులర్స్ పట్టుకుని ఇలాంటి లెక్కలు చేస్తూ వచ్చారు. జనవరే ఎందుకంటే, వలస వచ్చిన బాతులూ ఉల్లంకి పిట్టలూ అప్పటికి ఒకచోట కుదురుకుంటాయి, ఒకే గుంపును రెండు చెరువుల్లో లెక్కపెట్టే ప్రమాదం తక్కువ. పెద్ద గుంపైతే ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు తీసుకుందో కంటితో కొలుచుకుని, దాంతో వంద, వందతో వెయ్యి అంచనా వేస్తారు.

ఈ అంచనాలతో పనేంటి అనిపించొచ్చు. రామ్‌సర్ ఒప్పందం ప్రకారం ఒక నీటి ప్రాంతానికి అంతర్జాతీయ గుర్తింపు రావడానికి ఉన్న దారుల్లో ఒకటి, అక్కడ 20,000 నీటిపక్షులు క్రమంగా ఉండటం. ఇంకోటి, ఏదైనా ఒక జాతి లేదా ఉపజాతి మొత్తం సంఖ్యలో 1 శాతం అక్కడుండటం. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టేదాకా వెళ్లింది. గట్లు పోతే బతుకు పోతుందన్న మనుషులు ఒకవైపు, నీళ్లు పోతే రానని నోరు తెరిచి చెప్పలేని పక్షి ఇంకోవైపు. ఆ వాదనలో పక్షి తరఫున మాట్లాడగలిగేది అంకె ఒక్కటే. లెక్క లేని చెరువు తరఫున ఆ మాత్రం కూడా ఎవరూ మాట్లాడలేరు.

అయితే జనవరి లెక్క ఒక ఫొటో లాంటిది. సినిమా మొత్తం అందులో ఉండదు. గార్గనీ బాతులు మిగతా బాతుల కన్నా ముందే దిగుతాయి. కొన్ని పక్షులు అక్టోబర్‌లో నాలుగు రోజులాగి ఇంకా దక్షిణానికి పోతాయి, ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆగుతాయి. వాటికి మన చెరువు ఇల్లు కాదు, దారిలో ఆగే స్టేషన్. జనవరిలో మాత్రమే వెళ్తే స్టేషన్ ఖాళీగా ఉందనుకుంటాం.

ఇక్కడే నా ఉద్యోగంలోంచి ఒక మాట పనికొస్తుంది. డేటాబేస్‌లో సున్నా వేరు, నల్ వేరు. సున్నా అంటే చూశాం, లేదు. నల్ అంటే అసలు చూడలేదు. రెండిటినీ కలిపేస్తే లెక్కంతా తప్పుతుంది. 2002లో మొదలైన ఈబర్డ్‌లో జాబితా పంపేటప్పుడు, గుర్తుపట్టిన జాతులన్నీ రాశారా అని అడిగేది ఇందుకే. అవునంటేనే, రాయని పేరుకి "కనిపించలేదు" అనే అర్థం వస్తుంది. ఇలాంటి మామూలు మనుషుల జాబితాలు, 30,000 మందికి పైగా పంపిన 3 కోట్ల నమోదులు, కలిస్తేనే 2023లో 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల గురించి మాట్లాడగలిగింది. 30 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గిన జాతుల్లో పాలపిట్ట ఒకటని తేలింది. మన రాష్ట్ర పక్షి. దసరా నాడు వెతుక్కుని మరీ చూసి దండం పెట్టుకుంటాం. కనిపించిన ఏడు గుర్తుంటుంది, కనిపించని ఏడు ఎక్కడా రాసుకోం.

మళ్లీ మన వైపు వద్దాం. నాచారం పెద్ద చెరువు, ఉప్పల్ నల్ల చెరువు, రామంతాపూర్ చెరువులు. ఇవేవీ వాటంతటవి పుట్టిన సరస్సులు కావు, మనుషులు కట్ట పోసి నిలిపిన నీళ్లు. తెలంగాణ చెరువంటే దానికో నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తెరవాలో, నీళ్లు ఎంత దిగాయో, కట్ట ఎక్కడ కారుతుందో చూసుకోవడం ఆయన పని. ఆయకట్టు ప్లాట్లయ్యాక నీరటితో పని లేకుండా పోయింది. నీరటి పిట్టల్ని లెక్కపెట్టాడని కాదు. రోజూ చెరువు వైపు చూడాల్సిన మనిషి ఒకడుండేవాడని. పరిశీలన కేంద్రానికి కావాల్సిన మొదటి సామాను అదే. టెలిస్కోప్ తర్వాత సంగతి.

గుర్రపు డెక్క కమ్మిన చెరువు దగ్గర లెక్కేముంది అనిపిస్తుంది. పైగా మొత్తం అంకె మోసం చేస్తుంది కూడా. మురుగు చేరిన నీళ్లలో బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్‌లు హాయిగా వందల్లో దిగుతాయి, సూదితోక బాతు మాత్రం దిగకపోవచ్చు. అందుకే జాతి జాతికీ విడిగా రాయాలి, ఏమీ లేని రోజునా రాయాలి. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా, అదే కట్ట మీద, అదే అరగంట. బొల్లికోళ్లు ఆరు, బాతులు సున్నా అని రాసిన కాగితం ఈరోజు ఎవరికీ పనికిరాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో "అప్పట్ల మస్తుగ ఉండేటియి" అన్నప్పుడు, ఎన్ని అని అడిగేవాళ్లకు అదొక్కటే జవాబు.