బూర్గంపాడు పట్టభద్రుల వలస: ‘స్థానికత’ చారిత్రక పరిణామం

గోదావరి కుడి ఒడ్డున, భద్రాచలానికి ఎదుటి దిక్కున ఉన్న బూర్గంపాడు మండలం పరిశ్రమలు లేని ప్రాంతం కాదు. మండలంలోని సారపాకలో 1979 నుంచి కాగితపు పరిశ్రమ నడుస్తోంది. సమీపంలో అశ్వాపురం భారజల కర్మాగారం, మణుగూరు బొగ్గుగనులు, పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. అయినా ఇక్కడి పట్టభద్రులు ఉపాధికి హైదరాబాదు వెళ్తున్నారు. కనుక ఈ వలసకు పరిశ్రమల లేమి కారణమనడం చాలదు. ‘స్థానికుడు’ అన్న మాటకు లభించిన చట్టబద్ధమైన అర్థం ఏ ఉద్యోగాలకు వర్తించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదు సంస్థానంలోని ముల్కీ నిబంధనలు స్థానికతను పుట్టుకతోనో, పదిహేనేళ్ల నివాసంతోనో నిర్ణయించాయి. వాటి ఉల్లంఘనపై రేగిన అసంతృప్తి 1969లో ఉద్యమ రూపం దాల్చింది. పాల్వంచ విద్యుత్ కేంద్రంలో స్థానికేతరుల నియామకాలు ఆ ఉద్యమ నేపథ్యంలో ప్రధానమైనవి. తర్వాత 1973లో 32వ రాజ్యాంగ సవరణ ద్వారా 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. అయితే ఇవి రాష్ట్ర ప్రభుత్వ కొలువులకు ఉద్దేశించినవి. కేంద్ర అణుశక్తి శాఖకు చెందిన భారజల కర్మాగారానికి గానీ, ప్రైవేటు కాగితపు పరిశ్రమకు గానీ అవి వర్తించవు. పైగా ఇటువంటి కర్మాగారాలకు యంత్ర, రసాయన, విద్యుత్ శాస్త్రాల శిక్షణ ప్రధానం. తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం చదివినవారికి వాటిలో చదువుకు తగిన అవకాశాలు స్వల్పం.

ఆ లోటును కొంతవరకు పూడ్చినది ఉపాధ్యాయ వృత్తి. 2000 జనవరిలో వెలువడిన 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. కోయ విద్యావంతులకు చదువు, వృత్తి, నివాసం ఒకేచోట కుదిరే వీలు దీనివల్ల ఏర్పడింది. బడిలో పిల్లల మాతృభాష తెలిసిన ఉపాధ్యాయుడు ఉండే అవకాశం పెరిగింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగ సమ్మతం కాదంటూ ఈ ఉత్తర్వును కొట్టివేసింది. అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది. తర్వాతి తరం పట్టభద్రులకు ఆ ప్రత్యేక మార్గం మూసుకుపోయింది.

స్థానికత సరిహద్దులు కూడా స్థిరంగా లేవు. పోలవరం ముంపు దృష్ట్యా 2014లో మండలంలోని కొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. నిన్నటి ఇరుగుపొరుగు గ్రామాలు రెండు రాష్ట్రాల నియామక పరిధుల్లోకి చీలాయి. తెలంగాణలో మిగిలిన భాగం 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం భద్రాద్రి జోన్‌లో చేరింది. ఈ జోన్‌లోని కొలువుకైనా పోటీ పరీక్ష తప్పదు. శిక్షణ కేంద్రాలేమో అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల కేంద్రీకృతమయ్యాయి. అందువల్ల స్వస్థలంలో ఉద్యోగం కోరేవారు సైతం ముందు స్వస్థలాన్ని విడవవలసి వస్తోంది.

స్థానికత ప్రభుత్వ కొలువులకు పరిమితమై, ఆ ప్రాంతపు నీటిని, ఖనిజాన్ని, కలపను వినియోగించే ఉత్పత్తి రంగానికి విస్తరించకపోవడం ఈ వలసకు ఒక మూలకారణమని పై పరిణామక్రమం నిరూపిస్తోంది. వలసను యువత నగరవ్యామోహంగా వివరించే పద్ధతి ఈ చరిత్రను విస్మరిస్తుంది. ఏజెన్సీ బడుల్లో కోయ భాష తెలిసిన ఉపాధ్యాయుల భవిష్యత్తు కూడా ఈ ప్రశ్నతోనే ముడిపడి ఉంది.