బోలు గిటార్ నుంచి పాలకొల్లు మాండొలిన్ దాకా

సంగీత చరిత్రను మనం ఎక్కువగా వాగ్గేయకారుల చరిత్రగా, విద్వాంసుల చరిత్రగా చదువుతాం. వాద్యాన్ని ఏ చెక్కతో చేశారు, లోపల బోలు ఎంత ఉంది, తీగలు ఎన్ని, మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తుంది అన్న సంగతులను వడ్రంగి పనిగా భావించి పక్కన పెడతాం. కాని ఒక వాద్యం ఏ సంగీతాన్ని పలకగలదన్నది చాలావరకు ఈ వడ్రంగి సంగతుల మీదే ఆధారపడి ఉంటుంది. ఈ పాఠంలో 1930లలో అమెరికాలో రూపొందిన బోలు ఎలక్ట్రిక్ గిటార్‌ను, ఆ తరవాత నాలుగైదు దశాబ్దాలకు మన గోదావరి డెల్టా నుంచి కర్ణాటక సంగీతంలోకి వచ్చిన ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను పక్కపక్కన ఉంచి పరిశీలిద్దాం. రెండు చోట్లా చేసిన పని ఒకటే: తీగ కింద అయస్కాంతం పెట్టారు. అక్కడ వారికి కావలసింది పెద్ద ధ్వని. ఇక్కడ కావలసింది గమకం.

బుర్ర, కుండ, పెట్టె

ముందుగా ప్రాంతాన్ని గుర్తు చేసుకుందాం. కొల్లేరుకు ఉత్తరంగా మద్రాసు–హౌరా ప్రధాన రైలుమార్గం ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా పోతుంది. దక్షిణంగా మరో మార్గం గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం దాటి పాలకొల్లు, నరసాపురం చేరుతుంది. సరస్సుకు వాయవ్యంగా మెట్ట నేలలో నూజివీడు ఉంది. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది. 2022 పునర్విభజనలో నూజివీడు, కైకలూరు కొత్త ఏలూరు జిల్లాలో చేరాయి. తాడేపల్లిగూడెం, పాలకొల్లు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయాయి. జిల్లా గీతలు ఎలా మారినా నాటక సమాజాలు, హరికథకులు, బుర్రకథ దళాలు, పెళ్లి మేళాలు తిరిగిన ఊళ్లు ఇవే.

బోలు వాద్యం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. బుర్రకథకు ఆ పేరు కథకుడి భుజం మీది తంబురా బుర్ర వల్లే వచ్చిందని చెబుతారు. నూజివీడులో పనస కర్రతో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. వీణ చేసేవాడి నేర్పంతా కుండను తొలవడంలో ఉంటుంది. గోడ మందంగా మిగిలితే నాదం లోపలే అణగిపోతుంది. మరీ పలచనైతే బలం ఉండదు. తీగ ఒక్కటే గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కంపనం గుర్రం ద్వారా పై పలకకు చేరి, పలక కంపించి, లోపలి గాలి కూడా కదిలినప్పుడే మనకు వినిపించేంత ధ్వని పుడుతుంది. గిటార్ పెట్టెలో జరిగేదీ ఇదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తీగకు మనం ఇచ్చే శక్తి పరిమితం. పెట్టె ఆ శక్తిని ఎంత త్వరగా గాలిలోకి పంపితే ధ్వని అంత పెద్దగా ఉంటుంది, అంత త్వరగా ఆగిపోతుంది కూడా. పెద్దగా పలకడం, ఎక్కువసేపు నిలవడం మీటు వాద్యంలో ఒకదానికొకటి ఎదురు తిరిగే గుణాలు. పాఠంలోని మిగతా చరిత్ర అంతా ఈ చిక్కు చుట్టూ తిరుగుతుంది కనుక విద్యార్థులు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి.

అమెరికాలో బోలు గిటార్

మనం తరవాత చూడబోయే మాండొలిన్‌కు, బోలు గిటార్‌కు దగ్గరి చుట్టరికం ఉంది. మిచిగాన్ రాష్ట్రంలోని కలమజూలో ఆర్విల్ గిబ్సన్ అనే పనివాడు వయొలిన్ లాగా పై పలకను ఉబ్బెత్తుగా చెక్కి మాండొలిన్లు చేశాడు. 1898లో దానికి పేటెంట్ పొందాడు. ఆయన పేరు మీద 1902లో ఏర్పడిన సంస్థ మొదట మాండొలిన్లకే పేరు పొందింది. 1922లో ఆ సంస్థలో లాయిడ్ లోర్ పర్యవేక్షణలో ఎఫ్-5 మాండొలిన్, ఎల్-5 గిటార్ వచ్చాయి. రెండింటికీ గుండ్రటి రంధ్రానికి బదులు వయొలిన్‌కు ఉండే వంపు చీలికలు ఉన్నాయి. ఈనాడు పాతకాలపు బోలు గిటార్ అనగానే కళ్ల ముందు కదిలే రూపం అదే.

ఆ కాలంలో జాజ్ బృందాలు పెద్దవవుతున్నాయి. బూరలు, డ్రమ్ముల మధ్య గిటార్ వినిపించేది కాదు. 1930ల ఆరంభంలో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ హవాయి పద్ధతి గిటార్‌కు అయస్కాంత పికప్ అమర్చారు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన చిన్న పరికరం. దానిపై ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం మారి, చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. 1936లో గిబ్సన్ సంస్థ బోలు గిటార్‌కే పికప్ పెట్టి ఇఎస్-150ను అమ్మకానికి తెచ్చింది. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటార్‌తో, అప్పటిదాకా వెనక లయ పట్టే వాద్యాన్ని ముందుకు తెచ్చి సాక్సఫోన్‌లాగా ఒంటిగా పలికించాడు. 1942లో చిన్న వయసులోనే మరణించాడు.

బోలు పెట్టెకు విద్యుత్తు తగిలించడంతో మరో ఇబ్బంది వచ్చింది. యాంప్లిఫయర్ ధ్వని తిరిగి వచ్చి పెట్టెను కంపింపజేస్తుంది. ఆ కంపనం తీగకు, తీగ నుంచి పికప్‌కు చేరి మళ్లీ పెద్దదవుతుంది. క్షణంలో ఊళ పుడుతుంది. మన పందిళ్లలో మైకును స్పీకరు ముందుకు తెస్తే వచ్చే కూత ఇదే. 1950లో లియో ఫెండర్ బోలు పూర్తిగా తీసేసి గట్టి చెక్కతో గిటార్ చేశాడు. 1952లో గిబ్సన్ సంస్థ కూడా అదే దారి పట్టింది. 1958లో నడిమి మార్గంగా ఇఎస్-335 వచ్చింది: పక్కల బోలు, మధ్యలో గట్టి దిమ్మ. బోలు తీసేయడం వల్ల ఊళ తగ్గింది. దాంతో పాటు తీగలోని శక్తి త్వరగా బయటికి పోకుండా నిలిచి, స్వరం పొడుగు పెరిగింది. అమెరికా గిటారిస్టులకు ఇది అదనంగా దక్కిన లాభం. మన సంగీతానికైతే ఇదే అసలు అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బోలు వాద్యంలో ధ్వని పెద్దదైతే స్వరం నిలిచే కాలం ఎందుకు తగ్గుతుంది? మీకు తెలిసిన ఒక వాద్యం ఉదాహరణతో ఐదు వాక్యాల్లో రాయండి.

మాండొలిన్‌లోని లోపం

మాండొలిన్ ఇటలీ వాద్యం. ఇప్పుడు మనకు తెలిసిన రూపం 18వ శతాబ్దంలో నేపుల్స్‌లో స్థిరపడింది. పాలకొల్లులో, నరసాపురంలో 17వ శతాబ్దంలోనే డచ్చి వర్తకుల స్థావరాలు ఉన్నాయి కనుక పాశ్చాత్య వాద్యాలు వారి ఓడల్లో వచ్చి ఉంటాయని ఎవరికైనా అనిపించవచ్చు. వినడానికి బాగుంటుంది కాని కాలం కుదరదు. ఒకే ఊళ్లో రెండు సంగతులు జరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. స్థానిక చరిత్రలు రాసేవారు తరచు జారే చోటు ఇది.

20వ శతాబ్దంలో మాండొలిన్ తెలుగువారి చెవికి చేరింది ప్రధానంగా సినిమా పాటల వాద్యబృందాల ద్వారా. గోదావరి నేపథ్యంలో బాపు తీసిన ‘ముత్యాలముగ్గు’ (1975)లో సజ్జాద్ హుస్సేన్ మాండొలిన్ వినిపిస్తుంది. ఊళ్లలో ఈ సంగీతం మైకు సెట్ల మీద నడిచేది. మైకు సెట్టుకు కరెంటు కావాలి. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించిన తరవాత కోస్తా జిల్లాల్లో కరెంటు విస్తరించింది. కరెంటు లేని పల్లెలో ఎలక్ట్రిక్ వాద్యం ఒక మూగ చెక్క. కాబట్టి మనం చెప్పుకునే మార్పు ఇంకో ముప్పై ఏళ్ల ముందు ఈ డెల్టాలో జరిగే వీలు లేదు.

సాధారణ మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. చిన్న పెట్టె కనుక ధ్వని చాలదని తీగను జత చేశారు. స్వరం నిలవదు కనుక పిక్కును గబగబా కిందికీ మీదికీ ఆడించి, నిలిచినట్టు భ్రమ కల్పిస్తారు. సినిమా పాటలో ఈ వణుకు అందంగానే ఉంటుంది. కాని తోడి రాగంలో గాంధారాన్ని ఊపాలంటే ఒక్కసారి మీటి, ఆ నాదం ఆగకముందే తీగను లాగి, జార్చి స్వరాన్ని కదిలించాలి. బిగించిన జత తీగలు వేలికి సరిగా లొంగవు. లొంగినా అప్పటికి నాదం ఉండదు.

కర్ణాటక సంగీతం పరాయి వాద్యాన్ని ఏ ప్రాతిపదికన ఒప్పుకుంటుందో కూడా ఇక్కడ చూడాలి. వయొలిన్ 19వ శతాబ్ది ఆరంభంలో బాలుస్వామి దీక్షితర్, వడివేలు వంటి వారి చేతుల్లో మన వాద్యమైపోయింది. తెలుగునాట ద్వారం వెంకటస్వామినాయుడు దాన్ని ప్రధాన వాద్యంగా నిలిపారు. హార్మోనియం కూడా పరాయిదే. ఆంధ్ర నాటకరంగాన్ని అది ఏలింది. అయినా 1940లో రేడియో దాన్ని నిషేధించింది. 1970ల దాకా ఆ పట్టు సడలలేదు. మెట్టుకు మెట్టుకు మధ్య అది జారలేదు, గమకం పలకదు అన్నది ప్రధాన ఆక్షేపణ. ఈ రెండు ఉదాహరణలను బట్టి చూస్తే, వాద్యం ఏ దేశానిదన్న ప్రశ్న కన్నా అది గమకాన్ని మోయగలదా అన్న ప్రశ్నే ఎక్కువ బరువైనది.

పాలకొల్లు బాలుడు

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ సంగీతం అభ్యసించినవారు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ల వయసులో పిల్లవాడు అందుకున్నాడు. గిటార్ వాద్యకారుడు వాసూరావు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేశారు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు కర్ణాటక సంగీతం నేర్పడం మొదలుపెట్టారు. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు దాన్ని తీగ మీద వెతుక్కునేవాడు.

ఈ చిన్న వివరానికి చరిత్రలో పెద్ద విలువ ఉంది. మాండొలిన్ తెలిసిన గురువు దొరికి ఉంటే, ఆ వాద్యానికి అలవాటైన చేతివాటమే నేర్పి ఉండేవాడు. వణుకు మీటు అబ్బేది. ఇక్కడ ఎదుట ఉన్న నమూనా గురువు గొంతు. గొంతు నిలుపుతుంది, ఊపుతుంది, జారుతుంది. వాద్యం ఆ పని చేయలేకపోతే వాద్యాన్నే మార్చాల్సి వస్తుంది.

మార్చారు కూడా. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను స్వీకరించి, నాలుగు జతల స్థానంలో ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ధ్వని పెంచే పని యాంప్లిఫయర్ తీసుకుంది కనుక జత తీగ అవసరం పోయింది. ఒంటి తీగ వేలికి లొంగుతుంది కనుక గమకం సాధ్యమైంది. గట్టి చెక్క ఒళ్లు నాదాన్ని త్వరగా విడవదు కనుక గమకం ముగిసేదాకా స్వరం నిలిచింది. ఐదో తీగ కింది స్థాయిని విస్తరించింది. జతలు విడిచిన ఎలక్ట్రిక్ మాండొలిన్ అంతకుముందు లేకపోలేదు. 1956లోనే ఫెండర్ సంస్థ నాలుగు ఒంటి తీగల మాండొలిన్ చేసింది. అయితే దానితో రాగాలాపన చేయవచ్చని అక్కడ ఎవరికీ తోచే అవసరం రాలేదు.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆ బాలుడి తొలి కచేరీ జరిగింది. కొల్లేటికి దక్షిణంగా పోయే రైలుమార్గం మీద పాలకొల్లుకు గుడివాడ పొరుగూరి కిందే లెక్క. 1981లో మద్రాసు డిసెంబరు ఉత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో, 1998లో పద్మశ్రీ గౌరవంతో ఆ పేరు దేశం దాటి, దేశమంతటా వినిపించింది. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ల వయసులో చెన్నైలో కన్నుమూశారు.

లాభం, నష్టం

విద్యుత్తు రాకతో అంతా లాభమే జరిగిందని రాయడం సరికాదు. పికప్ ప్రధానంగా తీగనే వింటుంది. పెట్టెను తక్కువగా వింటుంది. తరతరాలుగా కుండ తొలిచే చేతికి తెలిసిన జ్ఞానం ఆ మేరకు పక్కకు జరుగుతుంది. 20వ శతాబ్ది రెండో సగంలో వీణకు కూడా కాంటాక్ట్ మైకు వచ్చింది. తంబురా స్థానంలో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూర్చుంది. దానికి బుర్ర అక్కరలేదు. నూజివీడు, బొబ్బిలి పనివారి బతుకుతో ముడిపడిన సంగతి ఇది. అమెరికాలో గట్టి గిటార్లు బజారును గెలిచిన తరవాత కూడా పాత బోలు గిటార్‌కు గిరాకీ పోలేదు. మీటగానే చెక్కలోంచి వచ్చి త్వరగా అణగిపోయే ఆ వెచ్చటి స్వరం కోసమే పాత నమూనాలను ఇప్పటికీ తిరిగి తయారు చేస్తున్నారు. అక్కడ లోపం అనుకున్నదే ఒక రుచిగా నిలిచింది.

ఎదురు దిశలో జరిగిన ప్రయాణం కూడా ఒకటుంది. 1970లలో ‘శక్తి’ బృందంతో వాయించిన ఇంగ్లండు గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, గిబ్సన్ సంస్థ ప్రత్యేకంగా చేసిన బోలు గిటార్ మీద మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. వీణ మీద లాగినట్టు తీగను లాగడానికే ఆ ఏర్పాటు. ప్రధాన తీగలకు తోడుగా, మీటకుండానే మోగే అనునాద తీగలు కూడా అమర్చుకున్నాడు. 1990ల చివర ‘రిమెంబర్ శక్తి’ పేరుతో ఆ బృందం మళ్లీ కూడినప్పుడు, గిటార్‌కు తీగలు చేర్చుకున్న మెక్‌లాఫ్లిన్, గమకం కోసం మాండొలిన్‌కు తీగలు తగ్గించుకున్న శ్రీనివాస్ ఒకే వేదిక మీద కూర్చున్నారు. అప్పటికే శ్రోతలు ఉప్పలపు అన్న ఇంటిపేరును దాదాపు మరిచిపోయారు. కచేరీ పత్రాల మీద ఇంటిపేరు ఉండవలసిన చోట మాండొలిన్ అనే ఉండేది.